డ్యూక్ 6-2: ఆబర్న్‌ను ఓడించాం, మరి ఆఖరి నాలుగు నిమిషాల సంగతేంటి?

కేరీ_రమణ | డిసెంబర్ 5, 2024, ఉదయం 7:40

కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మన డ్యూక్ యూనివర్సిటీ జట్టు రాత్రి ఆబర్న్ మీద 84-78తో గెలిచింది. వాళ్లు దేశంలో రెండో ర్యాంకు జట్టు, మౌయీ టోర్నీ గెలిచి ఊపు మీదున్న జట్టు. మన సొంత హాలు కామెరన్‌లో అడుగుపెట్టీ పెట్టగానే 13-2తో మనల్ని ఉక్కిరిబిక్కిరి చేసింది. అక్కణ్ణుంచి లేచి గెలిచాం. ఆనందంతో సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. అయినా ఎనిమిది మ్యాచ్‌లు అయిపోయాయి కాబట్టి, ఈ జట్టు ఎక్కడుందో నింపాదిగా మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

గెలిచినవి ఆరు: మెయిన్, ఆర్మీ, వోఫర్డ్, అరిజోనా, సియాటిల్, ఆబర్న్. వీటిలో అరిజోనా, ఆబర్న్ మాత్రమే లెక్కలోకి తీసుకోవాల్సినవి. వోఫర్డ్ మీద 86-35 చూసి మురిసిపోతే మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంట్‌లో ఏడవాల్సి వస్తుంది. ఓడినవి రెండు: అట్లాంటాలో కెంటకీ చేతిలో 77-72, లాస్ వేగస్‌లో కాన్సస్ చేతిలో 75-72. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేవి ఈ రెండే.

కెంటకీ మ్యాచ్‌లో తొలి సగం మనదే. మన మొదటి ఏడాది కుర్రాడు కూపర్ ఫ్లాగ్ 26 పాయింట్లు, 12 రీబౌండ్లు. అలాంటి ఆట ఆడిన కుర్రాడి చేతిలోంచే చివర్లో, స్కోరు సమానంగా ఉన్నప్పుడు, కెంటకీ ఆటగాడు ఒటేగా ఓవే బంతి లాక్కున్నాడు. ఫ్రీ త్రోలతో వాళ్లు ముందుకెళ్లారు. వెంటనే మన చేతికొచ్చిన అవకాశంలోనూ బంతి మళ్లీ ఫ్లాగ్ దగ్గరే పోయింది. కాన్సస్‌తో అయితే ఇంకా బాధ. పది నిమిషాలకు పైగా ఆట మిగిలి ఉండగానే వాళ్ల సెంటర్ హంటర్ డికిన్సన్ మన మలీక్ బ్రౌన్ తలకు కాలు తగిలించి, రిఫరీలు పంపేస్తే బయటికి పోయాడు. వాళ్ల పెద్ద దిక్కు లేడు. అయినా మనమే ఓడాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన డిఫెన్స్ దేశంలో ఎవరికీ తీసిపోదు. మ్యాచ్ దగ్గరపడ్డాక మాత్రం బంతి ఎవరి చేతిలో ఉండాలో ఈ జట్టుకి ఇంకా తెలియలేదు. ఇంకా 18 నిండని పిల్లాడి నెత్తిన ఆ బరువంతా పెట్టి చూస్తూ కూర్చున్నాం. మీరేమంటారు?

బెజవాడ_బ్లూడెవిల్ | డిసెంబర్ 5, ఉదయం 9:15

రమణ అన్నా, రాత్రి నేను లోపలే ఉన్నా! సెప్టెంబర్‌లో గ్రాడ్యుయేట్ విద్యార్థులకు పెట్టే క్యాంపౌట్‌లో లాటరీ తగిలి సీజన్ టికెట్లు వచ్చాయి. గొంతు పూర్తిగా పోయింది, అందుకే క్లాసు మానేసి టైప్ చేస్తున్నా.

టీవీలో మీకు తెలియని సంగతి ఒకటి చెప్తా. 13-2 అయినప్పుడు హాలు మూగబోలేదు. 9,314 మంది పట్టే చిన్న హాలు అది, మేం కోర్టు గీతకి బారెడు దూరంలో నిలబడి ఉంటాం. ఆటగాళ్ల బూట్ల కీచుమనే చప్పుడు వినిపిస్తుంది. ఐజేయా ఎవాన్స్ బెంచీ మీంచి లేచినప్పుడు నా పక్కనున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఎందుకంటే అంతకుముందు పెద్ద మ్యాచ్‌ల్లో అతనికి దక్కింది చాలా తక్కువ సమయం. మొదటి త్రీ (మూడు పాయింట్ల షాట్) పడింది. రెండోది పడింది. మూడోదానికి బంతి అతని చేతికి రాకముందే జనం చేతులు పైకెత్తేశారు. ఆరు త్రీలు, 18 పాయింట్లు, అన్నీ తొలి సగంలోనే. సన్నగా రివటలా ఉంటాడు, బంతి అందుకోవడం, వదలడం మధ్య కన్నార్పే సందు ఉండదు.

రెండో సగంలో అతనికి ఒక్క పాయింటూ రాలేదు. అయినా అతను కోర్టు మీద ఉన్నంతసేపూ ఆబర్న్ వాళ్లు అతన్ని వదిలి లోపలికి రాలేకపోయారు, దాంతో ఫ్లాగ్‌కి దారి తెరుచుకుంది. ఫ్లాగ్ 22 పాయింట్లు, 11 రీబౌండ్లు. మీరు అడిగిన ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

హైదరాబాద్_హూప్స్ | డిసెంబర్ 5, ఉదయం 9:50

ఇక్కడ పొద్దున్నే టిఫిన్ టైమ్‌కి మ్యాచ్ వస్తుంది, ఇడ్లీ చల్లారిపోయిందని ఇంట్లో తిట్లు.

రమణ గారూ, ఫ్లాగ్ చేతిలో బంతి పెట్టడం తప్పంటే నేను ఒప్పుకోను. జూలైలో ఒలింపిక్స్ ముందు అమెరికా జట్టుకి ప్రాక్టీసు ఇవ్వడానికి లాస్ వేగస్ వెళ్లినప్పుడే ఎన్బీఏ దిగ్గజాల ముందు బెదరకుండా ఆడిన కుర్రాడు. అతనికి నవంబర్‌లో ఆ అనుభవం ఇవ్వకపోతే మార్చిలో ఎక్కణ్ణుంచి వస్తుంది? రెండు టర్నోవర్ల (బంతి ఎదుటివాళ్లకి పోగొట్టుకోవడం) కోసం అతన్ని పక్కన నిలబెడితే ఇంకెవరున్నారు? టైరీస్ ప్రాక్టర్‌కి మూడో ఏడాది, అయినా షాట్ తీయడానికి తటపటాయిస్తాడు. కేలెబ్ ఫాస్టర్ ఆట ఇంకా కుదురుకోలేదు. కాన్ క్నిపుల్ మంచి షూటరే, కానీ అతనూ మొదటి ఏడాదివాడే.

గోదారి_గార్డ్ | డిసెంబర్ 5, మధ్యాహ్నం 12:30

నేను ఊళ్లో యూనివర్సిటీ జట్టుకి పాయింట్ గార్డ్‌గా ఆడినవాణ్ణి, ఇప్పుడు షార్లెట్‌లో ఉంటున్నా. ఇద్దరి మాటలోనూ నిజముంది. బంతి ఫ్లాగ్‌కి ఇవ్వాలా వద్దా అన్నదానికంటే ఎక్కడ ఇవ్వాలన్నది ముఖ్యం అంటాను.

కెంటకీ మ్యాచ్ చివరి నిమిషం మళ్లీ చూడండి. ఫ్లాగ్ ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. అతను త్రీ గీతకి బయట నిలబడి డ్రిబుల్ చేస్తుంటే బంతి నేలకీ చేతికీ మధ్య ప్రయాణించే దూరం ఎక్కువ. పొట్టివాడు, చేతులు చురుగ్గా కదిలేవాడు మీద పడితే ఆ దూరమే వాడికి అవకాశం. పొడుగువాడు దూసుకెళ్దామని ఒంటిని వంచిన క్షణంలో బంతి శరీరం పక్కకి వస్తుంది, సరిగ్గా అప్పుడే చెయ్యి పడుతుంది. ఓవే చేసింది అదే. ఇందులో ఫ్లాగ్ భయపడిందేమీ లేదు, ఆ కొలతలకి ఆ చోటు కుదరదంతే.

అదే ఫ్లాగ్‌కి ఫ్రీ త్రో గీత మూల దగ్గర, వీపు రక్షణలో బంతి అందిస్తే ఒక్క డ్రిబుల్‌తో రిమ్ (బుట్ట అంచు) దగ్గరుంటాడు. రెండోవాడు మీదికొస్తే మూల మీద నిలబడ్డ ఎవాన్స్‌కో క్నిపుల్‌కో వేస్తాడు. అతను పాస్ చూడగలడు, ఆ వయసులో అది అరుదు. పైన బంతి మోసే పని ప్రాక్టర్‌కీ సయాన్ జేమ్స్‌కీ ఇవ్వాలి. జేమ్స్ ట్యులేన్‌లో నాలుగేళ్లు ఆడి వచ్చినవాడు, ఒళ్లు గట్టిది, ఒత్తిడిలో బంతి వదలడు. రాత్రి చివరి నిమిషాల్లో కొంతవరకు అలాగే జరిగింది. కోచ్ షయర్ గమనించాడనే నా నమ్మకం.

చాపెల్‌హిల్_చిన్నా | డిసెంబర్ 5, మధ్యాహ్నం 1:05

మీ పక్క ఊరి నార్త్ కరోలినా జట్టు అభిమానిగా ఇక్కడికి రావొచ్చా? ముందుగా అభినందనలు. అదే రాత్రి మా ఇంట్లో, అదే చాపెల్ హిల్‌లో, అలబామా మమ్మల్ని 94-79తో ఓడించింది. పది మైళ్ల దూరంలో మీరు సంబరాలు చేసుకుంటున్నారు, మేం టీవీ కట్టేశాం.

పొరుగువాడిగా ఒక మాట చెప్తా. మీ జట్టు మొదటి ఏడాది పిల్లలతో నిండి ఉన్నా పెద్దవాళ్లలా డిఫెన్స్ ఆడుతోంది. మాకు అనుభవం ఉంది, గార్డులున్నారు, కానీ లోపల పొడుగువాడు లేడు. కాన్సస్‌లో 92-89, మౌయీలో మిషిగన్ స్టేట్‌తో ఓవర్‌టైమ్‌లో 94-91. రెండూ చేతిదాకా వచ్చి పోయినవి. మీకు చివర్లో బంతి పట్టేవాడు కావాలి, మాకు చివర్లో రీబౌండ్ పట్టేవాడు కావాలి. ఫిబ్రవరి 1న కామెరన్‌లో కలుద్దాం.

ఇంకోటి, ఏసీసీ (మన రెండు జట్లూ ఉన్న కాన్ఫరెన్స్, అంటే జట్ల కూటమి) వాళ్లందరం బాధపడాల్సిన సంగతి. ఎస్ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌తో ఈ వారం జరిగిన పోటీలో మన కాన్ఫరెన్స్ 14-2తో చిత్తయింది. ఆ రెండు విజయాలూ మీదీ, కెంటకీని ఓడించిన క్లెమ్సన్‌దీ. జనవరి నుంచి మీకు గట్టి మ్యాచ్‌లు దొరకడమే కష్టం.

మోరిస్‌విల్_మూర్తి | డిసెంబర్ 5, సాయంత్రం 6:20

నమస్కారం అందరికీ. నేను క్రికెట్ మనిషిని. మా అబ్బాయి నాలుగో తరగతి, వాడి పుణ్యమా అని ఈ ఏడాది నుంచే చూడటం మొదలుపెట్టాను. చిన్నా గారు చివర్లో అన్నది నాకు అర్థం కాలేదు. సులువైన మ్యాచ్‌లుంటే మంచిదే కదా? గెలుస్తూ పోవచ్చు. అలాగే కెంటకీ చేతిలో, కాన్సస్ చేతిలో ఓడినందుకు మార్చి టోర్నమెంట్‌కి నష్టం ఎంత?

లెక్కల_శ్రీను | డిసెంబర్ 5, రాత్రి 8:00

మూర్తి గారూ, మంచి ప్రశ్న. మార్చిలో 68 జట్లతో టోర్నమెంట్ ఉంటుంది. ఒక్కసారి ఓడితే ఇంటికే. నాలుగు ప్రాంతాలు, ఒక్కో దాంట్లో ఒకటో సీడ్ ఒక జట్టుకి దక్కుతుంది. ఆ సీడ్ ఇచ్చేది ఒక కమిటీ. వాళ్లు ఎన్ని గెలిచారనే కాకుండా ఎవరి మీద, ఎక్కడ గెలిచారనేది కూడా చూస్తారు.

దానికి నెట్ అనే ర్యాంకింగ్ ఉంది. మ్యాచ్‌లని నాలుగు తరగతులుగా విడదీస్తారు. మొదటి తరగతి కావాలంటే ప్రత్యర్థి మన సొంత కోర్టులో అయితే తొలి 30లో ఉండాలి, తటస్థ కోర్టులో అయితే తొలి 50లో, వాళ్ల కోర్టులో అయితే తొలి 75లో ఉండాలి. అంటే అదే జట్టు మీద వాళ్ల ఊళ్లో గెలిస్తే ఎక్కువ విలువ. టూసాన్ వెళ్లి అరిజోనాని 69-55తో కొట్టడం అందుకే పెద్దది. కెంటకీ, కాన్సస్ పరాజయాలు తటస్థ కోర్టుల్లో, గట్టి జట్ల మీద, ఐదు పాయింట్లు, మూడు పాయింట్ల తేడాతో. అవి మచ్చ కావు. కమిటీ ముందు వాటితో నష్టం చాలా తక్కువ.

చిన్నా చెప్పింది ఇక్కడే వస్తుంది. ఏసీసీ జట్లన్నీ నవంబర్‌లో ఓడిపోయి నెట్‌లో కిందికి జారితే, జనవరిలో మనం వాళ్లని ఎంత గెలిచినా దక్కేది తక్కువ. ఒక్కటి ఓడితే మాత్రం పడే దెబ్బ పెద్దది. ఆబర్న్ విజయం విలువ మార్చిదాకా నిలుస్తుంది. ఫిబ్రవరి 22న న్యూయార్క్‌లో ఇలినాయ్‌తో మ్యాచ్ పెట్టుకోవడం తెలివైన పని.

మోరిస్‌విల్_మూర్తి | డిసెంబర్ 5, రాత్రి 8:25

చాలా బాగా చెప్పారండీ. మావాడికి చదివి వినిపించాను. వాడి ప్రశ్న: ఏడడుగుల రెండంగుళాల ఖమన్ మలువాచ్‌కి ప్రతిసారీ బంతి ఎందుకివ్వరు అని.

బెజవాడ_బ్లూడెవిల్ | డిసెంబర్ 5, రాత్రి 9:10

మీవాడి ప్రశ్న డ్యూక్‌లో అందరం అడిగేదే మూర్తి గారూ!

మలువాచ్ దక్షిణ సూడాన్ కుర్రాడు, ఉగాండాలో పెరిగాడు. బాస్కెట్‌బాల్ మొదలుపెట్టి ఎన్నో ఏళ్లు కాలేదు, అయినా పారిస్ ఒలింపిక్స్‌లో తన దేశానికి ఆడాడు. జూలైలో లండన్‌లో అమెరికాని వణికించి 101-100తో ఓడిన జట్టు అదే. ప్రస్తుతం అతని బలం రిమ్ దగ్గర. పైకి వేసిన పాస్ అందుకుని కొట్టేస్తాడు, ఎదుటివాళ్లు లోపలికి రావాలంటే జంకుతారు. బంతి తీసుకుని వీపుతో నెట్టుకుంటూ తిరిగి వేయడం ఇంకా అలవాటు పడలేదు. అందుకే పిక్ పెట్టి (సహచరుడి కోసం ఎదుటివాడి దారికి అడ్డంగా నిలబడి) లోపలికి జారినప్పుడే బంతి ఇస్తారు.

చిక్కెక్కడంటే, త్రీలు వేయగల సెంటర్ ఎదురైతే అతన్ని రిమ్ దగ్గర్నుంచి బయటికి లాగేస్తారు. అప్పుడు మలీక్ బ్రౌన్ దిగుతాడు. సిరక్యూస్ నుంచి వచ్చిన బ్రౌన్ చేతులు ఎక్కడ పెడతాడో ఎదుటివాడికి అంతుపట్టదు. గార్డ్‌నైనా సెంటర్‌నైనా కాస్తాడు. పిక్ పెట్టిన ప్రతిసారీ ఐదుగురూ మనుషుల్ని మార్చుకుంటూ ఆడే పద్ధతి బ్రౌన్ ఉన్నప్పుడే నిండుగా కనిపిస్తుంది. పాయింట్ల పట్టికలో అతని పేరు పక్కన పెద్ద అంకెలుండవు కాబట్టి పేపర్లో రాయరు.

వరంగల్_వింగ్ | డిసెంబర్ 6, ఉదయం 6:45

అందరూ ఆటగాళ్ల గురించే మాట్లాడుతున్నారు, కోచ్ సంగతి? కోచ్ కె 42 సీజన్లు, ఐదు టైటిళ్లు. ఆయన కుర్చీలో కూర్చున్న షయర్‌కి ఇది మూడో ఏడాది. పోయిన మార్చిలో డాలస్‌లో నార్త్ కరోలినా స్టేట్ చేతిలో 76-64తో ఓడాం. పదకొండో సీడ్ జట్టది! ఆ తర్వాత ఏడుగురు ఆటగాళ్లు వేరే కాలేజీలకి వెళ్లిపోయారు. జెరెమీ రోచ్ లాంటి నాలుగేళ్ల సీనియర్ బేలర్‌కి పోయాడు. చివరి నిమిషాల్లో మనకి లేని మనిషి అతనే. ఆ లోటుకి జవాబుదారీ కోచ్ కాదా? కాన్సస్ మ్యాచ్‌లో సెంటర్ లేకుండా ఆడుతున్న జట్టుని లోపలికెళ్లి దెబ్బకొట్టే ఆలోచన కూడా కనిపించలేదు. నాకు చాలా కోపంగా ఉంది, ఆబర్న్ గెలుపుతో ఆ కోపం పోలేదు.

కేరీ_రమణ | డిసెంబర్ 6, ఉదయం 8:30

వింగ్ తమ్ముడూ, నీ కోపంలో న్యాయముంది. కాన్సస్ మ్యాచ్‌లో ఆ పది నిమిషాలు నాకూ మింగుడుపడలేదు. డికిన్సన్ వెళ్లిపోయాక వాళ్లు చిన్న జట్టుతో వేగం పెంచారు, మనం వాళ్ల ఆటే ఆడాం. అది బెంచీ మీద తేలాల్సిన విషయం, ఆ మాట అనాల్సిందే.

కానీ పోయినవాళ్ల లెక్కతో పాటు వచ్చినవాళ్ల లెక్కా చూడు. జేమ్స్, బ్రౌన్, ఏప్రిల్‌లో పర్డ్యూ జట్టు తరఫున ఫైనల్ ఆడి వచ్చిన మేసన్ గిల్లిస్. ముగ్గురూ కాలేజీ ఆటలో నలిగినవాళ్లు. షయర్ కావాలనే మొదటి ఏడాది పిల్లల చుట్టూ పెద్దవాళ్లని పెట్టాడు. వాళ్లు ఒకరికొకరు అలవాటు పడటానికి ఎనిమిది మ్యాచ్‌లు చాలవు. షయర్ స్వయంగా 2010 టైటిల్ జట్టులో గార్డ్. మొదటి ఏడాది స్టార్లని నమ్ముకోకుండా సీనియర్లు గెలిచిన జట్టది. ఆ పాఠం ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకా ఒకటి. ఎవాన్స్‌ని ఇన్నాళ్లూ కూర్చోబెట్టి ఆబర్న్ లాంటి జట్టు మీద, పదకొండు పాయింట్లు వెనకబడ్డ కాసేపటికే దింపడానికి ధైర్యం కావాలి.

హైదరాబాద్_హూప్స్ | డిసెంబర్ 6, ఉదయం 9:20

ధైర్యమే, కాదనను. కానీ అతన్ని అంతకుముందే ఎందుకు దింపలేదు? కాన్సస్ మ్యాచ్‌లో మూడు పాయింట్లతో ఓడాం. ఒక్క త్రీ!

గోదారి_గార్డ్ | డిసెంబర్ 6, ఉదయం 10:45

డిఫెన్స్ వల్ల. మనుషుల్ని మార్చుకుంటూ ఆడే పద్ధతిలో సన్నటి కుర్రాడు ఒక్కడుంటే ఎదుటి జట్టు ప్రతిసారీ పిక్ తెచ్చి అతన్నే వెతుక్కుంటుంది. ఆబర్న్ సెంటర్ జోనై బ్రూమ్ లాంటి బలమైనవాడి ముందు ఎవాన్స్ ఒంటరిగా చిక్కితే రెండు పాయింట్లు ఖాయం. ఆ రాత్రి ఆబర్న్ వాళ్లు రెండో సగంలో ఆ ప్రయత్నం మొదలుపెట్టారు కూడా. కోచ్ ప్రతిసారీ తూకం వేసుకోవాల్సిందే: అతను తెచ్చే పాయింట్లు ఎక్కువా, ఇచ్చేవి ఎక్కువా అని. ఆబర్న్ రోజున తెచ్చినవే ఎక్కువ. ప్రతి రోజూ అలా ఉండదు.

వరంగల్_వింగ్ | డిసెంబర్ 6, ఉదయం 11:30

ఇది ఒప్పుకోదగ్గ కారణమే గార్డ్ అన్నా. కోచ్ మీద నా ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది. ఆదివారం లూయీవిల్ వాళ్ల కోర్టులో ఏం చేస్తాడో చూస్తా.

బెజవాడ_బ్లూడెవిల్ | డిసెంబర్ 8, రాత్రి 9:30

76-65! వాళ్ల ఊళ్లో! తొలి సగంలో మళ్లీ వెనకబడ్డాం, రెండో సగంలో గేరు మార్చి తిప్పేశాం. 7-2, కాన్ఫరెన్స్‌లో 1-0. ఇంటి నుంచి బయటికెళ్లి, జనం అరుస్తుండగా వెనకబడి గెలవడం నవంబర్‌లో ఈ జట్టుకి చేతకాలేదు.

కేరీ_రమణ | డిసెంబర్ 8, రాత్రి 10:05

చూశాను, చాలా తృప్తిగా ఉంది. వరసగా రెండు మ్యాచ్‌ల్లో మొదట్లో తడబడటం మాత్రం రాసిపెట్టుకుంటున్నా. నవంబర్‌లో చివర్లో జారేవాళ్లం, డిసెంబర్‌లో మొదట్లో జారుతున్నాం. పరిగెత్తి అందుకునే శక్తి ఉంది కాబట్టి సరిపోయింది. మార్చిలో ఒకటో సీడ్ జట్టు ఎదురైతే ఆ అవకాశం రాకపోవచ్చు.

వింగ్ తమ్ముడూ, నీ మాట?

వరంగల్_వింగ్ | డిసెంబర్ 8, రాత్రి 10:40

రెండో సగం డిఫెన్స్‌కి షయర్‌కి పూర్తి మార్కులు, మనస్ఫూర్తిగా ఇస్తున్నా. కానీ లూయీవిల్ మ్యాచ్ చివరికి పదకొండు పాయింట్ల తేడాకి వెళ్లింది కాబట్టి, మీరు మొదటి రోజు అడిగిన ప్రశ్నకి అందులో జవాబు దొరకదు. మూడు పాయింట్ల లోపు తేడాతో, సొంత కోర్టు కాని చోట, రెండు నిమిషాలు మిగిలిన మ్యాచ్ ఒకటి రావాలి. ఇన్‌కార్నేట్ వర్డ్, జార్జ్ మేసన్ ఇక్కడికే వస్తున్నాయి, వాటిలో తేలదు.

గోదారి_గార్డ్ | డిసెంబర్ 9, ఉదయం 7:15

అది వచ్చేవరకూ నేను ఒక్కటే చూస్తుంటా: తేడా ఎంతున్నా సరే, చివరి నాలుగు నిమిషాల్లో బంతిని సగం గీత దాటించేది ఎవరు, ఫ్లాగ్‌కి అది ఏ చోట అందుతోంది అని. ఇన్‌కార్నేట్ వర్డ్ మ్యాచ్ రేపే. చూసి ఇక్కడే రాస్తా. శ్రీనూ, నువ్వు టర్నోవర్ల లెక్క పెట్టు.

లెక్కల_శ్రీను | డిసెంబర్ 9, ఉదయం 7:50

పెడతా అన్నా. చివరి నాలుగు నిమిషాలవి విడిగా రాస్తా, ఆటగాడి పేరుతో సహా.